300 సరిపోతుందా, 600 కావాలా: టెలిఫోటో జూమ్ లెక్కలు

కెమెరా దుకాణంలో టెలిఫోటో లెన్స్ అడిగేవాళ్ల నోట మొదట వచ్చే ప్రశ్న "ఇది ఎంత దూరం లాగుతుంది?" అని. జవాబు లెన్స్ మీదే రాసి ఉంటుంది: 55-250, 70-300, 150-600. ఆ అంకె ఒక్కటే చూసి డబ్బు కడితే మాత్రం తర్వాత చిక్కులొస్తాయి. ఎంపికకు నిజంగా పనికొచ్చే లెక్కలు రెండున్నాయి. మీరు తీయబోయేది సెన్సర్ మీద ఎన్ని మిల్లీమీటర్ల మేర పడుతుందన్నది ఒకటి. లెన్స్‌లోకి వెలుతురు వచ్చే కన్నం ఎంత వెడల్పుందన్నది రెండోది. బరువు, ధర, మసక వెలుతురులో పనితనం, టెలికన్వర్టర్ (లెన్స్‌కూ కెమెరాకూ మధ్య పెట్టి ఫోకల్ లెంగ్త్ పెంచే చిన్న గాజు) వల్ల లాభముందా లేదా అన్నవి చాలావరకు ఈ రెండిటి వెనకే నడుస్తాయి.

మొదటి లెక్క తేలిక. వస్తువు సైజును ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద రాసి ఉండే ఆ ఎంఎం అంకెతో) హెచ్చించి, దూరంతో భాగించాలి. అన్నిటినీ మిల్లీమీటర్లలోనే పెట్టాలి. లకుముకి పిట్ట పొడవు సుమారు 28 సెంటీమీటర్లు. అది 15 మీటర్ల దూరంలో కరెంటు తీగ మీద కూర్చుని ఉంది, మీ దగ్గర 300 ఎంఎం ఉంది అనుకోండి. 280 × 300 ÷ 15,000 అంటే 5.6 మిల్లీమీటర్లు. సెన్సర్ మీద పిట్ట బొమ్మ అంతే పడుతుంది. సెన్సర్ చిన్నదైనా పెద్దదైనా ఈ 5.6 మారదు.

మారేది ఆ 5.6 మిల్లీమీటర్లలో ఎన్ని పిక్సెళ్లు ఇరుకుతాయన్నది. 24 మెగాపిక్సెళ్ల క్రాప్ (చిన్న సైజు) సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు, అడ్డంగా 6,000 పిక్సెళ్లు. అంటే మిల్లీమీటరుకు సుమారు 255. పిట్టకు దక్కేవి 1,430. అదే 24 మెగాపిక్సెళ్లు 36 మిల్లీమీటర్ల ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సైజు) సెన్సర్ మీద పరిస్తే మిల్లీమీటరుకు 167 చొప్పున పిట్టకు 930 మాత్రమే. "క్రాప్ బాడీ (క్రాప్ సెన్సర్ కెమెరా) మీద 300 లెన్స్ 450 అయిపోతుంది" అనే మాటలో నిజం ఇంతవరకే. లెన్స్ పెరగదు. అదే బొమ్మను ఎక్కువ పిక్సెళ్లు పంచుకుంటాయి, చుట్టూ ఉన్న ఖాళీ తెగిపోతుంది. 45 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చుని కత్తిరించుకున్నా దాదాపు ఇదే ఫలితం వస్తుంది. నికాన్, సోనీ, ఫ్యూజీ క్రాప్ బాడీలకు ఈ గుణకం 1.5, కెనాన్‌కు 1.6, ఇంకా చిన్న సెన్సరైన మైక్రో ఫోర్ థర్డ్స్‌కు 2.

1,430 పిక్సెళ్లు తక్కువేం కాదు. ఇన్‌స్టాగ్రామ్ 1,080 పిక్సెళ్ల వెడల్పుతో చూపిస్తుంది కాబట్టి అక్కడికి హాయిగా సరిపోతుంది. ఏ4 కాగితం నిండా పిట్టే ఉండేలా ప్రింటు వేయాలంటే మాత్రం 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర పొడుగు వైపు 3,500 కావాలి. దానికి దగ్గరగా రావడానికి రెండు దార్లు: 600 ఎంఎం కొనడం, లేదా 15 మీటర్లను ఏడున్నర చేసుకోవడం. రెండిటి ఫలితమూ ఒకటే, ఖర్చులో మాత్రం పోలికే లేదు. పైగా దగ్గరికి వెళ్తే మధ్యలో ఉండే గాలి కూడా సగమవుతుంది.

గాలి మాట ఊరికే అనలేదు. పులికాట్ సరస్సులో రాజహంసలు లోతులేని నీళ్లలో ఒడ్డుకు చాలా దూరంగా మేస్తుంటాయి. 1.3 మీటర్ల ఎత్తు పక్షిని 200 మీటర్ల నుంచి 600 ఎంఎంతో తీసినా సెన్సర్ మీద పడేది 3.9 మిల్లీమీటర్లే. ఎండ ఎక్కాక తడి బురద మీద గాలి కదిలి, పక్షి అంచులు నీళ్లలో బొమ్మలా వణుకుతాయి. ఎంత ఖరీదైన గాజైనా ఆ వణుకును తీసేయలేదు. ఫోకస్ తప్పిందనుకుని లెన్స్‌ను సర్వీసింగ్‌కి ఇచ్చేవాళ్లున్నారు. సూర్యోదయం తర్వాత తొలి గంటా గంటన్నరలో అదే చోట, అదే లెన్స్‌తో తీసి చూస్తే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది. దీనికి భిన్నంగా గుంటూరు దగ్గర ఉప్పలపాడులో కొంగలూ గూడబాతులూ ఊరి చెరువులోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. ఒడ్డు నుంచే బాగా దగ్గర. అక్కడ క్రాప్ బాడీకి 250 లేదా 300తోనే చాలా పని జరుగుతుంది, 600 తగిలిస్తే రెక్కలు ఫ్రేమ్ దాటిపోతాయి. లెన్స్ కొనేముందు మీరు నిలబడే చోటు నుంచి మీ పక్షికి ఎన్ని మీటర్లో అంచనా వేసుకోవడం అందుకే ముఖ్యం.

క్రికెట్‌కూ ఇదే లెక్క. బౌండరీ నుంచి బ్యాటర్ 70 మీటర్లనుకుంటే, ఫుల్ ఫ్రేమ్ మీద 200 ఎంఎంతో మనిషి ఎత్తు 5 మిల్లీమీటర్లు, ఫ్రేమ్ ఎత్తులో ఐదో వంతు. 400తో 10. పత్రికల ఫొటోగ్రాఫర్లు అక్కడ 400, 600లతో కనిపించేది ఇందుకే.

పెళ్లికి లెక్కను తిరగేయాలి. మండపానికి 6 మీటర్ల దూరంలో ఉన్నారు, కెమెరాను నిలువుగా పట్టుకున్నారు, 135 ఎంఎం. ఫ్రేమ్‌లో ఎత్తు 1.6 మీటర్లు, వెడల్పు 1.07 మీటర్లు పడుతుంది. కూర్చున్న వధూవరులకు సరిగ్గా సరిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ మీద 70-200 పెళ్లిళ్లలో అంతగా పాతుకుపోయిందంటే కారణం ఈ దూరాలే. అదే లెన్స్ క్రాప్ బాడీకి తగిలిస్తే 70 దగ్గర కూడా 105లా ఇరుకైపోతుంది. చిన్న ఫంక్షన్ హాల్లో తలంబ్రాలప్పుడు వెనక్కి జరగడానికి గోడ అడ్డొస్తుంది.

ఇక రెండో లెక్క. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబరుతో (లెన్స్ మీద ఎఫ్/2.8, ఎఫ్/5.6 అని ఉండే అంకెతో) భాగిస్తే, లెన్స్‌ను ముందు నుంచి చూసినప్పుడు కనిపించే వెలుతురు కన్నం వెడల్పు వస్తుంది. దూరపు వస్తువు నుంచి మీరు ఎంత వెలుతురు పట్టుకోగలరో తేల్చేది ఈ కన్నమే. కొన్ని వేసి చూద్దాం, జూమ్‌ను పూర్తిగా లాగిన పొడుగు చివర దగ్గర. కెనాన్ 55-250 ఎఫ్/5.6కి 45 మిల్లీమీటర్లు. నికాన్ డీఎక్స్ 70-300 ఎఫ్/6.3కి 48. కెనాన్ ఆర్‌ఎఫ్ 100-400 ఎఫ్/8కి 50. ఎఫ్/2.8 ఉన్న 70-200కి 71. కెనాన్ ఆర్‌ఎఫ్ 100-500 ఎఫ్/7.1కి 70. నికాన్ 200-500 ఎఫ్/5.6కి 89. ఎఫ్/6.3 ఉన్న 600 ఎంఎంలకు 95.

ఇప్పుడు బరువులు చూడండి. కన్నం 50 లోపువి 375 గ్రాముల నుంచి 635 గ్రాముల మధ్య ఉన్నాయి. 70 దగ్గరివి కిలో నుంచి 1.4 కిలోలు: సోనీ 70-200 జీఎం రెండో తరానిది 1,045 గ్రాములు, కెనాన్ 100-500 ట్రైపాడ్ మౌంట్ లేకుండా 1,370. 90, 95వి సుమారు రెండు కిలోలు, ఆ పైన: సిగ్మా 150-600 కాంటెంపరరీ 1,930, సోనీ 200-600 2,115, నికాన్ 200-500 2,300. ధరలు కూడా ఇంచుమించు ఇదే మెట్ల మీద ఎక్కుతాయి, పెద్ద కంపెనీల ఎఫ్/2.8 జూమ్‌లు మాత్రం ఇంకో మెట్టు పైన. అంటే "600 కావాలి, తేలిగ్గా ఉండాలి, చీకట్లో పనిచేయాలి" అని అడిగేవాళ్లకు ఏ కంపెనీ దగ్గరా లెన్స్ లేదు. మూడింట్లో ఒకటి వదులుకోవాల్సిందే.

ఎఫ్/7.1 అనగానే మొహం చిట్లించేవాళ్లకు కూడా ఇక్కడే జవాబుంది. 500 ఎఫ్/7.1 కన్నం, 200 ఎఫ్/2.8 కన్నం దాదాపు ఒకటే. ఒకే చోట నిలబడి ఒకే పక్షిని తీస్తే రెండూ పట్టే వెలుతురు సమానం. 200 దాన్ని చిన్న చుక్క మీద కుప్పపోస్తుంది, 500 ఎక్కువ పిక్సెళ్ల మీద పరుస్తుంది, అంతే. 70-200 ఎఫ్/2.8కి 2 రెట్ల టెలికన్వర్టర్ పెడితే 400 ఎఫ్/5.6 అవుతుంది. రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగం) "పోయాయి" అంటారు కానీ కన్నం అప్పుడూ 71 మిల్లీమీటర్లే. కత్తిరిస్తే 24 మెగాపిక్సెళ్లు 6 అయ్యే చోట, కన్వర్టర్ ఆ పిక్సెళ్లను కాపాడుతుంది. బదులుగా కాస్త పదునూ, ఫోకస్ వేగమూ పోతాయి.

దగ్గరికి వెళ్లగలిగే చోట, ఫ్రేమ్ ఎలాగూ నిండే చోట, ఎఫ్ నంబరు తన పాత పెత్తనం చూపిస్తుంది. రవీంద్రభారతిలాంటి హాల్లో కూచిపూడి తీస్తున్నారు. ఎఫ్/2.8, సెకనులో 250వ వంతు, ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 1,600తో సరిగ్గా వస్తోందనుకోండి. ఎఫ్/6.3 లెన్స్ తగిలించి అదే షట్టర్ స్పీడ్ కావాలంటే ఐఎస్‌ఓ 8,000కు పోవాలి, ఎందుకంటే వెలుతురు ఐదో వంతే. పాత క్రాప్ బాడీలో ఆ ఐఎస్‌ఓ దగ్గర పట్టుచీర నేత ఫొటోలో వచ్చే గరుకు చుక్కల్లో కలిసిపోతుంది. సభ, పెళ్లి, రాత్రి ఊరేగింపు మీ పనైతే 70-200 ఎఫ్/2.8కి అడ్డదారి లేదు. అద్దెకు తెచ్చుకోవడం ఒక్కటే కాస్త చవక దారి.

అయితే ఎఫ్/2.8కి ఒక చిక్కుంది. ఫుల్ ఫ్రేమ్ మీద 200 ఎంఎం, 5 మీటర్ల దూరం, ఎఫ్/2.8 దగ్గర పదునుగా వచ్చే లోతు మొత్తం 10 సెంటీమీటర్లు. పెళ్లికొడుకు కళ్ల మీద ఫోకస్ ఉండి, పెళ్లికూతురు ఓ జానెడు వెనక్కి ఉంటే ఆమె మొహం మెత్తబడుతుంది. ఇద్దరూ కావాలంటే ఎఫ్/5.6 లేదా 8కి మూయాలి. అంటే ఫ్లాష్ ఉన్న పెళ్లిలో ఎఫ్/4 జూమ్‌తో నడిపించుకునేవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. తక్కువ బరువు, చాలా తక్కువ ధర.

ధర తక్కువ జూమ్‌ల మీద "4-5.6" అని రెండు అంకెలుంటాయి. మొదటిది పొట్టి చివరిది, రెండోది పొడుగు చివరిది. టెలీ కొనేవాళ్లు ఎక్కువ సమయం పొడుగు చివరే గడుపుతారు కాబట్టి మొదటి అంకెను పట్టించుకోవద్దు. పైగా అపర్చర్ (ఆ వెలుతురు కన్నం) చివరిదాకా ఆగి మూసుకోదు, మధ్యలోనే మెట్లు మెట్లుగా మూసుకుపోతూ వస్తుంది.

వణుకు సంగతి. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ స్పీడ్ ఫోకల్ లెంగ్త్‌కు తగ్గట్టుండాలన్నది పాత సూత్రం: 300కి సెకనులో 300వ వంతు, క్రాప్ బాడీ అయితే 450వ వంతు. ఈ బాధ తగ్గించడానికే స్టెబిలైజేషన్. కెనాన్‌లో ఐఎస్, నికాన్‌లో వీఆర్, సోనీలో ఓఎస్‌ఎస్, టామ్రాన్‌లో వీసీ, సిగ్మాలో ఓఎస్ అని పేర్లు. సెన్సర్‌ను కదిలించే బాడీ స్టెబిలైజేషన్ ఉంటే లెన్స్‌లో ఎందుకని అడుగుతారు. చెయ్యి అర డిగ్రీ వణికితే 50 ఎంఎం దగ్గర బొమ్మ 0.4 మిల్లీమీటర్లు జరుగుతుంది, 600 దగ్గర 5 మిల్లీమీటర్లకు పైగా. సెన్సర్ అంత దూరం పరిగెత్తలేదు. 300 దాటిన కొద్దీ లెన్స్‌లోని స్టెబిలైజేషనే అసలు పని చేస్తుంది.

ఇది తెలియక పడే గుంట ఒకటుంది. టామ్రాన్ 70-300 ఎఫ్/4.5-6.3 సోనీకి తేలికైన, 545 గ్రాముల చక్కటి లెన్స్, కానీ అందులో వీసీ లేదు. సోనీ ఏ6400 బాడీలోనూ స్టెబిలైజేషన్ లేదు. రెండూ కలిపితే వణుకును ఆపేది ఏదీ ఉండదు. ఏ6700 మీద అదే లెన్స్ ఫరవాలేదు. ఏ6400 ఉన్నవాళ్లకు సోనీ 70-350 ఓఎస్‌ఎస్ ఖరీదెక్కువైనా సరైన జోడి.

స్టెబిలైజేషన్ ఆపేది మీ చేతి వణుకునే. ఎదుటివాళ్ల కదలికను కాదు. కొమ్మ మీద కుదురుగా ఉన్న పిట్టకు సెకనులో 250, 500వ వంతులు చాలు. కబడ్డీకి, పరుగుకు 1,000వ వంతు. ఎగిరే పక్షికి 2,000వ వంతు, ఇంకా చిన్నవాటికి అంతకు పైన. ఈ స్పీడ్‌ల దగ్గర ఫొటోలో స్టెబిలైజేషన్ చేసేది తక్కువ, వ్యూఫైండర్‌లో దృశ్యం గెంతకుండా ఉంచడమే దాని ఉపకారం.

మౌంట్ల (లెన్స్ కెమెరాకు బిగిసే చోటు) దగ్గర కాగితం మీద కనిపించని ఉచ్చులు ఎక్కువ. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో చవగ్గా తిరిగే నికాన్ ఏఎఫ్ 70-300 జీ లెన్స్‌లో ఫోకస్ మోటార్ లేదు. డీ3000, డీ5000 వరుస బాడీల్లోనూ లేదు. రెండిటినీ కలిపితే ఫోకస్ రింగు చేత్తో తిప్పుకోవాల్సిందే. ఏఎఫ్-పీ రకం 70-300కి మోటార్ ఉంది, కానీ డీ90, డీ3100, డీ3200, డీ5100, డీ7000 లాంటి పాత బాడీల మీద అది పనిచేయదు. దాంట్లోనే వీఆర్ ఉన్నదీ లేనిదీ రెండు మోడళ్లు ఒకేలా కనిపిస్తాయి, పేరులో "వీఆర్" అక్షరాలు చూసి తీసుకోవాలి. కెనాన్‌లో ఈఎఫ్ 75-300 మూడో తరం లెన్స్‌ను కిట్‌లో అంటగడుతుంటారు. ఐఎస్ లేదు, 300 దగ్గర మెత్తగా ఉంటుంది. 50 మిల్లీమీటర్లు పొట్టిదైనా ఈఎఫ్-ఎస్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎమ్ అన్ని విధాలా మేలు. 250లో వచ్చిన పదునైన బొమ్మను కత్తిరిస్తే 75-300 ఇచ్చే 300 కన్నా బాగుంటుంది.

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లోకి వచ్చినవాళ్లకు పాత కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో చాలా బాగా నడుస్తాయి. ఇప్పటికే ఉన్న ఈఎఫ్ 70-200ని తొందరపడి అమ్మక్కర్లేదు. సిగ్మా, టామ్రాన్ సంస్థలు కెనాన్ మిర్రర్‌లెస్‌ల ఆర్‌ఎఫ్ మౌంట్‌కి ఆటోఫోకస్ లెన్సులు 2024 నుంచి తెచ్చినా అవి క్రాప్ సెన్సర్ కోసం చేసినవి. సోనీ మౌంట్‌లో బయటి కంపెనీల ఎంపిక ఎక్కువే, కానీ వాటికి సోనీ టెలికన్వర్టర్లు పనికిరావు, సెకనుకు 15 ఫ్రేములు దాటవు. టెలికన్వర్టర్ మీద ఆశ పెట్టుకుని లెన్స్ కొనేవాళ్లు ముందే జాబితా చూసుకోవాలి. కెనాన్ ఆర్‌ఎఫ్ 70-200 ఎఫ్/2.8 మొదటి మోడల్‌కు కన్వర్టర్ అసలు దూరదు, 2024లో వచ్చిన "జెడ్" మోడల్‌కు దూరుతుంది. ఆర్‌ఎఫ్ 100-500కి పడుతుంది గానీ జూమ్‌ను 300 దాటించి ఉంచాలి, 100-300 భాగం పోయినట్టే. ఎఫ్/6.3 లెన్స్‌కు 1.4 కన్వర్టర్ పెడితే ఎఫ్/9. మిర్రర్‌లెస్ దాని మీద ఫోకస్ పట్టుకుంటుంది. అద్దం ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్‌లు చాలావరకు ఎఫ్/5.6 దగ్గరే ఆగిపోతాయి, కొన్ని మధ్య ఫోకస్ పాయింట్‌తో ఎఫ్/8 దాకా వస్తాయి.

జూమ్ తిప్పినప్పుడు గొట్టం బయటికి సాగేవి, సాగనివి అని రెండు రకాలు. సోనీ 200-600, నికాన్ జెడ్ 180-600 సాగవు. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) మీద తూకం మారదు, రింగు కొద్దిగా తిప్పితే చాలు. సాగేవి సంచిలో పొట్టిగా ఇముడుతాయి, కానీ సైకిల్ పంపులా గాలిని లోపలికీ బయటికీ లాగుతూ దుమ్మును పోగేసుకుంటాయి. సీతాకోకచిలుకలు, తూనీగలు కూడా తీయాలనుకుంటే దగ్గరి ఫోకస్ దూరం చూడండి. ఆర్‌ఎఫ్ 100-400 నిజ సైజులో 0.41 వంతు చూపిస్తే, సోనీ 200-600 0.2 దగ్గర ఆగుతుంది. నేను చూసినంతలో పిట్టలతో మొదలుపెట్టేవాళ్లకు ఇంత తేలికైన 400 ఎక్కువ రోజులు భుజాన ఉంటుంది. రెండు కిలోలది మొదటి నెల తర్వాత బీరువాలో ఎక్కువ ఉంటుంది. అనుమానంగా ఉంటే 150-600ని రెండు రోజులు అద్దెకు తెచ్చుకుని పొద్దున్నే చెరువు చుట్టూ నడవండి, భుజమే చెబుతుంది.

పెద్ద లెన్స్ కొన్నాక ముందు అద్దం కాపాడదామని చవక యూవీ ఫిల్టర్ బిగిస్తారు. 50 ఎంఎం మీద తెలియని దాని వంకర 400, 600 దగ్గర పెద్దదై మొత్తం బొమ్మను మెత్తబరుస్తుంది. హుడ్ చాలు. ఒకటిన్నర కిలో దాటిన లెన్స్‌ను బాడీ పట్టుకుని ఎత్తొద్దు, లెన్స్ కాలరు (లెన్స్ చుట్టూ ఉండే పట్టీ) పట్టుకోవాలి. ట్రైపాడ్‌కు బిగించేది కూడా కాలరునే.

వాడిన లెన్స్ కొంటుంటే మొబైల్ టార్చి వెనక నుంచి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే ఫంగస్. విశాఖ, కాకినాడ వైపు తేమకు ఇది మామూలే. అంచున ఒక చుక్క ఉంటే బేరమాడొచ్చు, మధ్యలో పాకితే వదిలేయాలి. నాలుగు దుమ్ము రేణువుల వల్ల ఫొటోకి ఏమీ కాదు. జూమ్‌ను పొడుగు చివర పెట్టి కిందికి వంచితే దానంతటదే జారుతోందా చూడండి. ట్రైపాడ్ మీద, అపర్చర్ పూర్తిగా తెరిచి, దూరంగా ఉన్న అపార్ట్‌మెంట్ గోడను కెమెరాకు ఎదురుగా పెట్టి తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి పోల్చండి. నాలుగూ ఒకే మోస్తరు మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ గుణం. ఒక మూల మాత్రమే చెడితే లోపల గాజు పక్కకు జరిగిందని అర్థం, ఎప్పుడో కింద పడి ఉండొచ్చు. స్టెబిలైజేషన్ వేసి, ఆపి, సెకనులో 60వ వంతు దగ్గర పది ఫొటోల చొప్పున తీస్తే అది పనిచేస్తోందో లేదో తేలుతుంది. కొత్తదైతే బిల్లు మీద సీరియల్ నంబరు, ఇండియా వారంటీ కార్డు ఉన్నాయా చూసుకోవాలి. ధర మరీ తక్కువ చెప్పే చోట ఈ రెండో కాగితమే ఉండదు. ఇంటికొచ్చాక తోలు సంచిలో పడేయకుండా, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, చవక తేమ మీటరు ఒకటి పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. జెల్ రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది.